అడవికీ ఒక అడంగల్

(నల్లమల అడవి అంచున ఉన్న ఆత్మకూరులో జియోఇన్ఫర్మేటిక్స్ (కంప్యూటరు మ్యాపుల చదువు) విద్యార్థులు, అటవీ సిబ్బంది కలిసి పెట్టుకున్న సమావేశంలో, కాలిఫోర్నియాలో మ్యాపుల పని చేసే ఒక వక్త మాట్లాడిన మాటలకు అక్షరరూపం. చివర్లో అడిగిన ప్రశ్నల్లో రెండింటిని మాత్రమే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. అడవి మంటల గురించీ మ్యాపుల గురించీ చెప్పమని పిలిచారు. నేను మా తాత దగ్గర మొదలుపెడతాను. ఆయన కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు. పైరు కాలంలో ఆయన చేలగట్ల మీద నడుస్తుంటే నేను గొడుగు పట్టుకుని వెనకాలే నడిచేదాన్ని. ఒక్కో చేను దగ్గర ఆగేవాడు. సర్వే నంబరు చూసుకుని, అందులో ఏ పైరుంది, ఎవరు సాగు చేస్తున్నారు, నీళ్లు బావివా కాలవవా అని అడిగి అడంగల్‌లో ఎక్కించేవాడు. "పోయినేడు కూడా రాశావు కదా తాతా, మళ్లీ ఎందుకు?" అంటే, "పట్టా అట్నే ఉంటుందే, పైరు మారుతుంది" అన్నాడు.

ఇప్పుడు నేను కాలిఫోర్నియాలో పదిహేనేళ్లుగా మ్యాపుల పని చేస్తున్నాను. అక్కడ నువ్వు చేసే ఉద్యోగమేంటే అని మా అమ్మ అడిగితే, అడవికి అడంగల్ రాస్తున్నామమ్మా అని చెప్తాను. ఆమెకు వెంటనే అర్థమైంది. అమెరికాలో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు అర్థం కావడానికి ఆర్నెల్లు పడుతుంది.

అసలు అవసరం ఎందుకొచ్చిందో చెప్తాను. 2018 నవంబరు 8న పొద్దున్నే, ప్యారడైజ్ అనే ఊరికి ఎగువ కొండల్లో పాత కరెంటు టవర్ కొక్కెం ఒకటి అరిగి విరిగింది. తీగ జారి టవర్‌కు తగిలి నిప్పు రాలింది. సాయంత్రానికి ఊరు లేదు. 85 మంది చనిపోయారు. ఇళ్లూ కట్టడాలూ కలిపి 18 వేలకు పైగా కాలిపోయాయి. రెండేళ్లు తిరక్కుండా, 2020లో ఒక్క ఏడాదిలోనే రాష్ట్రం మొత్తం మీద 40 లక్షల ఎకరాలకు పైగా మంటల పాలైంది.

మంట అక్కడికి కొత్తది కాదండి. కారుక్, యురోక్ లాంటి తెగలవాళ్లు తరతరాలుగా చిన్న మంటలు పెట్టి అడుగున పడ్డ ఆకునూ పొదలనూ కాల్చేవాళ్లు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఆ మంటల్ని నేరం చేశాయి. 1935 నుంచి ఫెడరల్ అటవీ శాఖ ఒక నియమం పెట్టుకుంది: ఎక్కడ మంట కనిపించినా మర్నాడు పొద్దున పది గంటలకల్లా అదుపులోకి రావాలి. ఏళ్ల తరబడి అలా ఆర్పుకుంటూ పోతే, కాలాల్సిన ఆకూ అలమూ కాలక పేరుకుపోయింది. పెద్ద చెట్ల మధ్య సన్న చెట్లు నారుమడిలో మొక్కల్లా కిక్కిరిశాయి. దాని మీద కరువొచ్చింది, బెరడు తొలిచే పురుగొచ్చింది. 2010 నుంచి 2017 లోపు 12.9 కోట్ల చెట్లు నిలువునా ఎండిపోయాయి.

కాబట్టి పని ఏమిటో అందరికీ తెలుసు. సన్న చెట్లు కొట్టి అడవిని పలచన చెయ్యాలి. కొమ్మా రెమ్మా కుప్పలేసి చలికాలంలో కాల్చాలి. కంట్రోల్ బర్నింగ్, అంటే అదుపులో ఉండే మంటలు పెట్టి కాల్చడం, చెయ్యాలి. ఊళ్ల చుట్టూ ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా శుభ్రం చేసిన పట్టీలు, తియ్యాలి, కొన్ని చోట్ల మేకల్ని తోలి మేపాలి. 2020 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం, ఫెడరల్ అటవీ శాఖ ఒప్పందం రాసుకున్నాయి. 2025 కల్లా ఏడాదికి 10 లక్షల ఎకరాల్లో ఈ పనులు జరగాలి, చెరి సగం.

మంచిదే. 10 లక్షల ఎకరాలు అయ్యాయని ఎవరు చెప్పాలి? ఏ పుస్తకం చూసి చెప్పాలి?

కాలిఫోర్నియాలో అడవి సుమారు 3.3 కోట్ల ఎకరాలు. అందులో 57 శాతం ఫెడరల్ ప్రభుత్వానిది, 40 శాతం ప్రైవేటువాళ్లది, తక్కిన 3 శాతమే రాష్ట్రానిదీ స్థానిక సంస్థలదీ. ఎవరి భూమికి వాళ్లది లెక్క. ఫెడరల్ అటవీ శాఖ దగ్గర ఫ్యాక్ట్స్ అనే డేటాబేస్ ఉంది. ఫెడరల్ ఇంటీరియర్ శాఖ కింద ఉన్న భూములకు వేరే డేటాబేస్. రాష్ట్ర అగ్నిమాపక, అటవీ శాఖ అయిన కాల్‌ఫైర్‌కు కాల్‌మ్యాపర్. కలప కొట్టుకునేవాళ్లు పెట్టుకునే దరఖాస్తులు ఇంకో చోట. రోడ్ల శాఖ దారి పక్క పొదలు కొడుతుంది, దాని లెక్క దానిది. తీగల కింద కరెంటు కంపెనీలు చెట్లు నరుకుతాయి, వాటి లెక్క వాటిది. ఊరివాళ్లు కలిసి నడిపే ఫైర్ సేఫ్ కౌన్సిళ్లు వందకు పైనే ఉన్నాయి, వాళ్ల లెక్కలు ఎక్సెల్ షీట్లలో.

ఇవన్నీ ఒక మ్యాపు మీదికి తేవడం సాఫ్ట్‌వేర్ పని అని నేనూ మొదట అనుకున్నాను. మొదటి నెలలోనే తెలిసింది, అసలు కష్టం "సంవత్సరం" అనే మాట దగ్గరే మొదలవుతుందని. ఫెడరల్ వాళ్ల ఏడాది అక్టోబరు 1న మొదలవుతుంది. రాష్ట్రానిది జులై 1న. పత్రికలవాళ్లు జనవరి నుంచి లెక్కిస్తారు. 2022లో ఎంత చేశారండీ అంటే ముగ్గురూ మూడు 2022లు చెప్తారు. ఇక్కడ రెవెన్యూ కాగితాలు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెవెన్యూ ఏడాది, అదే ఫసలీ, కూడా జులై 1నే మొదలవుతుంది. ఆ సంగతి గుర్తొచ్చిన రోజు నాకు మా తాత పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

తర్వాతిది ఎకరం. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది.

ఒక కొండవాలు, 20 ఎకరాలు అనుకోండి. పనివాళ్లు వచ్చి సన్న చెట్లు కొట్టారు: 20 ఎకరాలు. కొట్టినదాన్ని కుప్పలేశారు: 20 ఎకరాలు. రెండేళ్లకు కుప్పలు ఎండాక కాల్చారు: 20 ఎకరాలు. మూడు పనులు, ముగ్గురు కాంట్రాక్టర్లు, మూడు బిల్లులు. డేటాబేస్‌లో మూడు వరసలు పడతాయి. కింద కూడిక వేస్తే 60 ఎకరాలు. కానీ కొండ మీద ఉన్నది 20 ఎకరాలే కదా.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. మాగాణి ఎకరంలో రెండు పంటలు పండిస్తే స్థూల సాగు విస్తీర్ణం రెండెకరాలు, నికర సాగు విస్తీర్ణం ఒక ఎకరం. వ్యవసాయ గణాంకాల్లో ఈ రెండూ పక్కపక్కనే అచ్చవుతాయి, ఎవరికీ అనుమానం రాదు. కాలిఫోర్నియాలో ఈ తేడాకు పేర్లు పెట్టి, రెండూ విడివిడిగా చూపించాలని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. పని ఎకరాలు వేరు, నేల ఎకరాలు వేరు అని ఇప్పుడు రాస్తున్నారు. రెండూ అవసరమే. ఎంత కూలీ, ఎంత డబ్బు పట్టిందో తెలియాలంటే పని ఎకరాలు కావాలి. ఎంత అడవి భద్రంగా ఉందో తెలియాలంటే నేల ఎకరాలే కావాలి. ఒకటి అడిగితే రెండోది చెప్పడమే తప్పు.

లెక్క తేడా వస్తే ఎంత దూరం వెళ్తుందో చూడండి. 2021 జూన్‌లో క్యాప్‌రేడియో, ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థల విలేకరులు ఒక కథనం వెలువరించారు. 35 ముఖ్యమైన ప్రాజెక్టుల కింద 90 వేల ఎకరాల్లో పని జరిగిందని గవర్నరు చెప్పిన లెక్కను వాళ్లు ప్రభుత్వ రికార్డులతోనే సరిచూశారు. రికార్డుల్లో తేలింది 11,399 ఎకరాలు. ఈ కథనం గురించి నేను ఎవర్నీ తిట్టడానికి చెప్పడం లేదు. 90 వేలు అనే మాట విని తమ ఊరి పక్క అడవి కూడా అందులో ఉందనుకున్నవాళ్లు ఎంతమందో ఆలోచించండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టుకోవడం ఈ ఏటికి వాయిదా వేసుకున్నవాళ్లు వాళ్లలో ఉండకుండా ఉంటారా?

2023 ఆగస్టులో రాష్ట్రమూ ఫెడరల్ సంస్థలూ కలిసిన టాస్క్‌ఫోర్స్ ఒక ఉమ్మడి డ్యాష్‌బోర్డును జనం ముందు పెట్టింది. దాని లోపలి నిర్మాణం మీకు ఒక్క నిమిషంలో చెప్పగలను. పైన ప్రాజెక్టు ఉంటుంది. దాని కింద పని జరిగే నేల ముక్కలు, ఒక్కోదానికి హద్దు గీత. ఆ ముక్క కింద పనులు: ఏ పని, ఎప్పుడు, ఎన్ని ఎకరాలు, ఎవరి డబ్బు, మొదలైందా ముగిసిందా. ఊరు, సర్వే నంబరు, పైరు. అంతే. ఆ ఏడాది, 2023లో, రాష్ట్రమంతటా 7 లక్షల ఎకరాలకు పైగా పని జరిగిందని ప్రకటించారు. 10 లక్షలు కాలేదు. కాలేదని తేటగా తెలియడానికే ఇంత పని పట్టింది.

ఇక రెండు సార్లు లెక్కకు రావడం. కాల్‌ఫైర్ గ్రాంటు ఇస్తుంది. ఒక స్వచ్ఛంద సంస్థ పని చేయిస్తుంది. నేల ఫెడరల్ అటవీ శాఖది. ముగ్గురూ నిజాయితీగానే తమ తమ పుస్తకాల్లో రాసుకుంటారు. మూడు పాలిగాన్లు, అంటే మ్యాపులో గీసిన హద్దు బొమ్మలు, ఒకదాని మీద ఒకటి పడతాయి, అదీ సరిగ్గా పడవు. ఒకరు ట్రాక్టరు దారి దాకా గీస్తారు, ఒకరు వాగు దాకా గీస్తారు, మూడోవాళ్లు గీత కూడా గీయకుండా ఒక చుక్క పెట్టి వదిలేస్తారు. ఇవి ఒకే పనా, మూడు పనులా? కంప్యూటరు కొంతవరకే చెప్తుంది. తేదీ, డబ్బు ఎవరిది, పని ఏమిటి, ఎంత భాగం ఒకదాని మీద ఒకటి పడింది అని చూసి అనుమానం ఉన్నవాటిని పక్కన పెడుతుంది. ఆ తర్వాత ఫోను తీసి అడగాల్సిందే. నా ఉద్యోగంలో సగం ఫోనే.

తక్కిన సగం నడక. ఒక సంగతి చెప్పాలి, ఇది నా మనసులోంచి పోదు. కొన్నేళ్ల కిందట సియెర్రా కొండల్లో ఒక నేల ముక్కను సరిచూడ్డానికి వెళ్లాను. ఏ సంస్థదో చెప్పను. మ్యాపులో అది ఆకుపచ్చగా ఉంది, అంటే పని ముగిసింది. ఆ రంగు చూసే కింది ఊరివాళ్లు నిశ్చింతగా ఉన్నారు. నేను వెళ్లి చూస్తే, చెట్లు కొట్టిన మాట నిజం. కానీ కుప్పలు అలాగే ఉన్నాయి. మనిషి ఎత్తు కుప్పలు, పది పదిహేను అడుగులకొకటి. లోపలి పుల్ల తడవకుండా పైన మైనపు కాగితం కప్పి దాని మీద మళ్లీ కొమ్మలేశారు, అది అక్కడి పద్ధతి. ఒక కుప్పలోంచి కొమ్మ లాగి విరిస్తే ఫట్‌మని విరిగింది. సూదులాకులు చేతిలో నలిపితే పొడైపోయాయి. పలచన చెయ్యకముందు ఆ కొండకు మంటొస్తే ఎలా ఉండేదో, ఆ రోజు వస్తే అంతకంటే ఘోరంగా ఉండేది. ఎందుకు ముగిసిందని రాశారని అడిగాను. "కొట్టే కాంట్రాక్టు ముగిసింది కదా" అన్నారు. వాళ్లు అబద్ధం రాయలేదు. ఆ గడిలో "ముగిసింది" అనే మాటకు అర్థం ఏమిటో ఎవరూ రాసి ఇవ్వలేదు, అంతే. ఆ సాయంత్రం కారులో కూర్చుని చాలాసేపు కదల్లేకపోయాను.

ఇలాంటి ఉమ్మడి లెక్క కుదిరిన చోటు ఒకటి నేను చూశాను. తాహో సరస్సు. అది కాలిఫోర్నియా, నెవాడా రెండు రాష్ట్రాల మధ్య ఉంది. దాని చుట్టూ అడవి ఒకటే గానీ, రెండు ప్రభుత్వాలు, ఐదు జిల్లాలు, నేలలో ముప్పాతిక వంతుకు పైగా ఫెడరల్‌ది. 2007 జూన్ 24న అక్కడ అంగోరా అనే చోట, వెయ్యకూడని చోట వేసిన చలిమంటలోంచి కార్చిచ్చు లేచింది. 3,100 ఎకరాలు, అంటే అక్కడి లెక్కలో చిన్నదే. 254 ఇళ్లు పోయాయి. ఆ దెబ్బతో ఇద్దరు గవర్నర్లు కలిసి ఒక కమిషన్ వేశారు, మంటల నివారణ పని చేసే సంస్థలన్నీ ఒక జట్టుగా కూర్చోవడం మొదలుపెట్టాయి. ఏ ముక్కలో ఎవరు చేస్తారు, ఏ ఏడు చేస్తారు అన్నది ఒకే మ్యాపు ముందు తేల్చుకున్నారు. సరస్సు చుట్టూ జరిగే ప్రతి పనికీ ఎవరు చేస్తున్నారు, డబ్బెంత, ఏ దశలో ఉంది అని జనం చూసుకునేలా ఒక ప్రాజెక్టు ట్రాకర్ కూడా నడుస్తోంది.

2021 ఆగస్టులో కాల్డర్ మంట వచ్చింది. రెండు లక్షల ఎకరాలకు పైగా కాలుస్తూ, కొండ శిఖరం దాటి ఆ లోయలోకి దిగింది. ఆగస్టు 30న సౌత్ లేక్ తాహో ఊరిని ఖాళీ చేయించారు. నేను ఆ రోజుల్లో నిద్రపోలేదు. దిగువన క్రిస్మస్ వ్యాలీ, మేయర్స్ ఊళ్ల పక్క ఏళ్ల తరబడి పలచన చేసిన అడవి ఉంది. మంట అక్కడికొచ్చేసరికి చెట్ల తలల మీంచి నేలకు దిగింది. మనుషులు దగ్గరికెళ్లి నీళ్లు కొట్టగలిగారు, ఇళ్లు నిలిచాయి. అదొక్కటే కారణమని అనను, గాలి తగ్గింది, వందల మంది కష్టపడ్డారు. కానీ ఎక్కడ నిలబడి పోరాడాలో తెలియడానికి, ఎక్కడ పని జరిగిందో తెలియాలి కదా.

ఒక జాగ్రత్త. ఉమ్మడి మ్యాపు అంటే అన్నీ అందరికీ చూపించడం కాదు. అక్కడి తెగలవాళ్లు ఇప్పటికీ సంప్రదాయంగా మంట పెట్టే చోట్లలో కొన్ని వాళ్లకు పవిత్రమైనవి, కొన్ని చోట్ల బుట్టలల్లే పుల్లలు, మందు మొక్కలు ఉంటాయి. ఆ గీతలు బయట పెట్టమంటే వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు. నల్లమలలో చెంచుల సంగతీ అంతే. ఏ తేనెపట్టు ఎక్కడుందో, ఏ దేవుడు ఏ రాతి కింద ఉన్నాడో మ్యాపుకెక్కించే హక్కు మనకు లేదు. అడిగి, వాళ్లు ఇచ్చినంతే తీసుకోవాలి.

నల్లమల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మంట లేచాక చెప్పే ఏర్పాటు మనకు బాగానే ఉంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల ఆధారంగా మంటల హెచ్చరికలు పంపుతోంది. మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఆ పని చేస్తోంది. మీ ఫోన్లకు మెసేజీలు వస్తూనే ఉంటాయి. కానీ ఉపగ్రహాల్లో ఉండే విర్స్ అనే సెన్సర్‌కు ఒక చుక్క అంటే 375 మీటర్ల చదరం, దగ్గర దగ్గర 35 ఎకరాలు. అంత చదరంలో మీరు తీసిన ఫైర్ లైను దానికి కనపడదు. మాఘమాసంలో మీరు చెమటోడ్చి గడ్డి కోసి, ఆకు ఊడ్చి కాల్చిన లైను ఆకాశంలోంచి చూస్తే లేనట్టే. దాన్ని నేల మీద నడిచినవాళ్లే రాయాలి.

ఇంకొకటి. తాహోలాగే నల్లమలా ఒకటే అడవి. 2014 నుంచి రెండు రాష్ట్రాల్లో ఉంది. కృష్ణకు ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్ టైగర్ రిజర్వులు. శివరాత్రికీ ఉగాదికీ వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి వేల మంది నడిచిపోతారు, దారిలో పొయ్యిలు పెట్టి వండుకుంటారు. సరిగ్గా అడవి ఆకు రాల్చి ఎండి ఉన్న రోజులవి. ఆ దారి పొడవునా ఈ ఏడు ఎక్కడ ఆకు ఊడ్చారో, ఎక్కడ మిగిలిందో బీటు అధికారికి తెలుసు. ఆయన బదిలీ అయితే? ఆ తెలివి ఆయనతోపాటే బస్సెక్కి వెళ్లిపోతుంది. నాకు బాధ అనిపించేది అదే.

ప్రశ్న (విద్యార్థిని): మేడం, మేం నేర్చుకుంటున్నది క్యూజీఐఎస్. ఇంత పెద్ద పనికి అది సరిపోతుందా? ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?

జవాబు: సరిపోతుందమ్మా. మ్యాపుల డేటాబేస్ అయిన పోస్ట్‌జీఐఎస్ కూడా నేర్చుకో, రెండూ ఉచితమే. సాఫ్ట్‌వేర్ కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు, అంటే నేల మ్యాపులు, భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి. నీ ఫోను చెప్పేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. మార్చకుండా ఒకదాని మీద ఒకటి పరిస్తే అడవి కంపార్టుమెంటు హద్దు గీత పక్కకు జరుగుతుంది, వాగుకు ఇవతల ఉన్న లైను అవతల కనపడుతుంది. ఇంకో మాట, గీత గీసేముందు పదాల అర్థాలు ఒక పేజీలో రాసుకోండి. లైను "అయింది" అంటే గడ్డి కోసినట్టా, కోసి కాల్చినట్టా, కాల్చి ఊడ్చినట్టా? దాని మీద మీలో మీరు పోట్లాడుకోండి. ఆ పోట్లాట ఇప్పుడే అయిపోతే మంచిది.

ప్రశ్న (సెక్షన్ ఆఫీసరు): మేడం, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మా లైన్లన్నీ అందరికీ కనపడేలా పెడితే, పని కాని చోట మంటొస్తే మమ్మల్నే కదా నిలబెట్టి అడిగేది? ఫైర్ వాచర్లకు కూలీ డబ్బులు ఆలస్యంగా వస్తే ఆ సంగతి మ్యాపులో కనపడదు గదా.

జవాబు: ఏమీ అనుకోను సార్, ఇది న్యాయమైన ప్రశ్న. అక్కడా ఇదే భయంతో చాలామంది మొదట డేటా ఇవ్వలేదు. భయం పోయింది ఎలాగంటే, పని కాని ముక్కకు "కాలేదు" అని ఒక్క మాట రాసి వదిలేయడం మానేశారు. ఎందుకు కాలేదో రాయడానికి ఒక గడి పెట్టారు: అనుమతి రాలేదు, డబ్బు రాలేదు, పనివాళ్లు దొరకలేదు, వాతావరణం కుదరలేదు. అప్పుడు ఆ మ్యాపు పై అధికారుల్ని కూడా అడుగుతుంది. మీ మ్యాపులో కూడా ఆ గడి ఉండి తీరాలి. కూలీ విడుదలైన తేదీ కూడా పెట్టండి. మనిషి పేరు పెట్టొద్దు, బీటు పేరు చాలు. మొదటి ఏడాది బయటివాళ్లకు చూపించకండి, మీలో మీరు సరిచూసుకోండి. ఊళ్లలో జమాబందీ జరిగేది చూడండి, ఏడాదికోసారి లెక్కలన్నీ బల్ల మీద పరిచి సరిచూసేవాళ్లు. వానలు పడ్డాక అలా ఒక్కరోజు కూర్చోండి. ఆ రోజున నేను అక్కణ్నుంచి వీడియోలో మీతోపాటు కూర్చుంటాను, ఇది మాటిస్తున్నాను.

రేంజరు గారు రేపు ఉదయానికి అనుమతి ఇచ్చారు. ఆరింటికి నాగలూటి వైపు లైను మీద నడుద్దాం, ఒక్క లైను చాలు. విద్యార్థులు ఫోన్లకు నిండా ఛార్జింగు పెట్టుకుని రండి, అక్కడ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. నీళ్ల సీసా మర్చిపోవద్దు. మీ పెద్ద వాచరు గారు ముందు నడుస్తారు, ఆయన ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగి రాద్దాం.